గొట్టంలో జొన్న కంకి

శిరీషా, ఆ కొడవలి గట్టు మీద పెట్టి ఇట్లా వచ్చి కూర్చో. ఇంకొంచెం దగ్గరికి. నా గొంతు ఇప్పుడు వెనకటంత దూరం పోదు, పైగా ఈ సంగతి చేనంతా వినపడేట్టు అరిచి చెప్పేది కాదు. నీ చేతిలో ఉన్న ఆ కంకిని మాత్రం కింద పెట్టొద్దు. కాడ విరగకుండా పట్టుకో. రేపు దాంతో మనకు పనుంది.

మీ తాత బజారి దగ్గర ఒక తుపాకి ఉండేదని నీకు తెలుసు. ఇప్పుడు దాని లైసెన్సు నా పేరు మీద ఉందనీ తెలుసు. హాస్టల్లో పిల్లల దగ్గర గొప్పలు పోయావని మీ నాన్న చెప్పి నవ్వాడు. కానీ అది నా పేరు మీదికి ఎట్లా వచ్చిందో నీకు తెలియదు. అప్పుడు నువ్వు ఎమ్మిగనూరు హాస్టల్లో పరీక్షలు రాస్తున్నావు. మీ నాన్న శివకుమార్ సగం చెప్పి ఉంటాడు. ఆ సగంలో వాళ్లమ్మ జైలుకు పోతుందన్న భయం తప్ప ఇంకేమీ ఉండదు.

అది పెద్ద తుపాకి ఏమీ కాదు. పైనుంచి గొట్టంలో మందు పోసి, ఇనుప కడ్డీతో దట్టి, ఒక్కసారి పేల్చేది. రెండోసారి పేల్చాలంటే మళ్లీ మొదటి నుంచి అంతా చేయాలి. పంట కాపలాకని ప్రభుత్వం వాళ్లు లైసెన్సు ఇచ్చారు. మన మూడెకరాలూ గుట్టకు ఆనుకుని ఉన్నాయి కదా, వేరుశనగ విత్తిన మరుసటి రోజే అడవి పందులు దిగుతాయి. సాలు వెంట ముట్టె పెట్టి దున్నుకుంటూ పోతాయి, గొర్రు తోలినట్టే. మళ్లీ కాయ ఊరేటప్పుడు వస్తాయి. మీ తాత ఏనాడూ పందిని కొట్టలేదు. కొడితే అదొక కేసు. ఆకాశంలోకి ఒక్కటి పేల్చేవాడు, ఆ చప్పుడుకు వారం రోజులు ఇటు చూసేవి కావు.

ఆయనకొక నియమం ఉండేది. ఈ చుట్టుపక్కల తుపాకి ఉన్న రైతులందరికీ అది ఆయన దగ్గర నుంచే వచ్చింది. తుపాకి చేను దాటి దారి మీదికి వచ్చిందంటే గొట్టంలో జొన్న కంకి పెట్టాలి. గొట్టం ఎంత పొడుగో కాడ అంతే పొడుగు కోసి, ఆకు ఒలిచి, లోపలికి దించాలి. గొట్టం ఖాళీగా ఉంటే కాడ అడుగు దాకా పోయి, కంకి సరిగ్గా గొట్టం మూతి మీద కూర్చుంటుంది. లోపల మందు ఉంటే కాడ దిగదు, కంకి బెత్తెడు పైకి లేచి నిలబడుతుంది. ఎదురుగా వచ్చేవాడు అంత దూరం నుంచే చూసి తెలుసుకోవచ్చు. ఎండిన కంకి ఒకటి ఎప్పుడూ మన చూరులో చెక్కి ఉండేది ఇందుకే.

తుపాకిని గోనెలో చుట్టి తీసుకుపోవడమంటే ఆయనకు గిట్టేది కాదు. “దాసిపెట్టుకొని పోతాంటే జనం బయపడతారు. భుజం మీద కనపడతాంటే సూసి పక్కకు జరుగుతారు, అంతే” అనేవాడు.

అట్లాంటి మనిషి కూడా ఒకసారి దాచుకుని పోవాల్సి వచ్చింది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పజెప్పాలని నీకు తెలుసు కదా. నేను చెప్పబోయే ఎన్నికలకు ముందటి ఎన్నికలప్పుడు ఎవరికి వారు సిగ్గుపడుతూ, దొంగసొత్తు మోసినట్టు మోసుకుపోయి ఇచ్చి వచ్చారు. మన ఊరి ఉరుకుందు అయితే గోనెలో చుట్టి బస్సెక్కాడు. పక్కన కూర్చున్న ఆమె గోనె తడిమి చూసి కేక పెట్టింది, డ్రైవరు బస్సు ఆపి ముందు తనే దిగి పరుగెత్తాడట. ఎన్నికలు అయ్యాక పోయి అడిగితే, లైసెన్సుల గడువు దాటింది, కొత్తగా రాయించుకు రమ్మన్నారు. ఏ స్టేషనో పేరు చెప్పను. గడువు చూసుకోకపోవడం మా తప్పు కూడా. రసీదు అడగకపోవడం అంతకంటే పెద్ద తప్పు. తుపాకులు ఇంటికి వచ్చేసరికి కాయంతా పందుల కడుపులో ఉంది.

ఆ ఏడు కడుపు మండి మీ తాత, ఉరుకుందు కలిసి తుపాకి రైతుల సంఘం అని ఒకటి మొదలుపెట్టారు. అయితే కార్తీకంలో మీ తాత పోయాడు.

దినాలు అయ్యాక నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? బియ్యం కార్డూ, తుపాకి లైసెన్సు పుస్తకమూ రెండూ కొంగులో చుట్టుకుని గ్రామ సచివాలయానికి పోయాను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకు రెండూ ఇచ్చి, “మా ఆయన పేరు తీసేసి నా పేరు ఎక్కించమ్మా” అన్నాను. ఆ పిల్ల ఏదో కొట్టింది, వేలిముద్ర వేయించుకుంది, ఒక కాగితం తీసి లైసెన్సు పుస్తకంలో పెట్టి ఇచ్చింది. నాకు చదువు లేకపోయె. ఇంటి పెద్ద పోతే కార్డు ఎట్లా పెళ్లాం పేరు మీదికి వస్తుందో తుపాకీ అట్లాగే వస్తుందనుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, ఊరంతా అట్లాగే అనుకుంది. నాలుగు నెలలు తుపాకిని నాదనే అనుకుంటూ తుడుచుకుని పెట్టుకున్నాను.

మార్చి నెలలో ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో రేకుల కింద సంఘం మీటింగు జరిగింది. గోనెగండ్ల వైపు వాళ్లూ వచ్చారు. మీ తాత చోటు ఖాళీగా ఉంచకూడదని నేను పోయాను. నన్ను చూసి గోనెగండ్ల పెద్దాయన ఒకాయన, “ఏం తల్లీ, దోవ తప్పి వచ్చినావా? పొదుపు సంఘం మీటింగు అవతల షెడ్డులో” అన్నాడు.

“తప్పలేదులేప్పా. నీ తుపాకి నువ్వు పేలిస్తే నీ భుజం ఎన్ని దినాలు నొస్తాదో నాకు తెల్సు. మా ఇంట్లో మందు దంచింది నేనే” అన్నాను. మూల కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఉరుకుందు లేచి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అందరం తుపాకులు భుజాన వేసుకుని ఆదోనికి నడుద్దాం, మన బాధ లోకానికి తెలియాలి అన్నాడు. చప్పట్లు మోగాయి. పదో తరగతి చదివాడు కదా, లైసెన్సు పుస్తకం తీసి వెనక షరతులు చదవమని నేనంటే చదివాడు. తుపాకిని గుంపుల్లోకి, జాతరల్లోకి, ఊరేగింపుల్లోకి తీసుకుపోకూడదని రాసి ఉంది. చదివేకొద్దీ వాడి గొంతు తగ్గిపోయింది.

“అయితే ఏం సేద్దాం?” అన్నారెవరో.

“ఇంటికి పోయి అన్నం తిందాం” అన్నాడు ఉరుకుందు దిగులుగా.

ఆ వారంలోనే ఎన్నికలు వస్తున్నాయని ప్రకటించారు. వెంటనే కబురు వచ్చింది, తుపాకులు తెచ్చి అప్పజెప్పమని. ఆదోని పక్క మన స్టేషను కింద పదకొండు తుపాకులు ఉన్నాయి. ఉరుకుందు గోనె వెతుక్కుంటున్నాడని విని వాడింటికి పోయాను.

“ఏం రా, మళ్లా గోనెనా? ఈసారి ఏ బస్సు ఆపుతావు?”

“ఏం సేయమంటావు సుంకులత్తా? సర్కారోళ్లు తెమ్మంటాండారు.”

“తెమ్మంటాండారు కదా! తెద్దాం. పదకొండు మందిమీ ఒకే పూట తెద్దాం. ఎవురూ గోనె ముట్టకండి. భుజాన ఏసుకొని, కంకి పెట్టుకొని, రోడ్డెంట నడిసిపోదాం. గుంపు కూడదని కదా రాసింది? ఒకరెనక ఒకరు, మనిసికీ మనిసికీ నడుమ ఎద్దులబండి పట్టేంత ఎడం. అరుపులు లేవు, జెండాలు లేవు. ముందే ఎస్సైకి ఫోన్ జేసి సెప్పు. అర్జీ మాత్రం జేబులో పెట్టుకో.”

ఉరుకుందు గోనె కింద పడేసి నా వైపు చూశాడు. “బజారి మామ నీకు తుపాకి ఒకటే ఇచ్చిపోయినాడనుకున్న్యానే!” అన్నాడు.

ఎస్సై ఆడమనిషి, ఈశ్వరి అని. ఫోనులో అంతా విని, సరే రండి, కానీ మా మనిషి మీతో నడుస్తాడు అందట. అర్జీలో మేము అడిగింది పెద్దదేమీ కాదు. ప్రతి తుపాకికీ రసీదు ఇవ్వాలి, ఎన్నికలు అవ్వగానే ఏ రోజు తిరిగి ఇస్తారో దాని మీద రాయాలి, గడువు దాటబోయే లైసెన్సులకు ఈలోపలే కాగితాలు తీసుకోవాలి. విత్తనం వేసేనాటికి తుపాకి గుంజకు ఆనించి ఉండాలి, అంతే మా కోరిక.

పొద్దున్నే బయలుదేరాం. పదిమంది మగవాళ్లు, నేను పదకొండో దాన్ని. ముందర ఉరుకుందు, వెనక నేను, నా వెనక మిగతావాళ్లు. పక్కన కానిస్టేబుల్ నాగేష్, పాపం కొత్తగా పెళ్లయిన పిల్లవాడు, తుపాకులకంటే ఎండకు ఎక్కువ భయపడుతున్నాడు. అప్పటికి జొన్న కోతలు అయిపోయాయి, పదకొండు గొట్టాల మీదా తెల్లటి కొత్త కంకులు. రోడ్డు పక్క పత్తి ఏరే ఆడవాళ్లు లేచి నిలబడి చూశారు. ఆటోలు నెమ్మదిగా పోయాయి. ఒక పిల్ల, “అవ్వా, అది నిజం తుపాకేనా?” అని అడిగింది.

“నిజం తుపాకే, మే పిల్లా. ఖాళీ కడుపు తుపాకి” అన్నాను.

ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ కేక పెట్టలేదు. ఒక ముసలాయన సైకిలు దిగి, కంకులు ఒక్కొక్కటే చూసుకుంటూ, “బాగుంది, బాగుంది” అనుకుంటూ పోయాడు. మీ తాత ఉంటే ఎంత సంతోషపడేవాడో అనుకుంటూ నేను కూడా ముందరి కంకి వైపు చూశాను.

చూసి ఆగిపోయాను. ఉరుకుందు కంకి గొట్టం మూతి మీద కూర్చోలేదు. బెత్తెడు పైకి లేచి ఊగుతోంది.

ఆదోని మిల్లుల గోడలు అప్పటికే కనపడుతున్నాయి. ఇంకో పావుగంట నడిస్తే ఊళ్లో ఉంటాం.

“ఉరుకుందూ, నిలబడు” అన్నాను.

“ఏందత్తా, కాళ్లు నొస్తాండాయా?”

“నీ కంకి సూసుకో.”

వాడు తల ఎత్తి చూసి నవ్వాడు. “కాడ పొడుగైందిలే. పొద్దున తొందరలో కోసినా.”

“తీసి కొలువు.”

“రోడ్డు మీద ఏందత్తా ఇది, మనోళ్లందరూ సూస్తాండారు.”

“అందుకే కొలవమంటాండాను.”

వాడు కాడ బయటికి లాగి గొట్టం పక్కన పెట్టాడు. కాడ సరిగ్గా గొట్టమంతే ఉంది. ఉరుకుందుకు అప్పుడు గుర్తొచ్చింది. అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం పందులకని మందు దట్టి, అవి రాకపోతే అట్లాగే గోడకు ఆనించి మరిచిపోయాడు. అందరికీ చెప్పే మనిషే మరిచిపోయాడు.

నాగేష్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. “ఇప్పుడెట్లా అవ్వా? పేల్చేస్తే?”

“ఊరి పక్కన పేలిస్తే మనల్ని టీవీలో సూపిస్తారు నాయనా. నీ సీసా ఇటియ్యి.”

నాగేష్ నీళ్ల సీసా తీసుకుని, తుపాకిని చేనువైపు తిప్పించి, గొట్టంలో నీళ్లన్నీ పోయించాను. మందు తడిసి ముద్దయితే ఇక అది పేలదు. ఉరుకుందు తుపాకిని రెండు చేతులా పట్టుకుని, చంటిబిడ్డకు నీళ్లు పోయిస్తున్నట్టు నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో, “ఉరుకుందన్నా, సబ్బు కావాల్నా?” అన్నారు. వాడు తప్ప అందరూ నవ్వారు.

“ఎస్సైకి సెప్పొద్దత్తా” అన్నాడు నెమ్మదిగా.

“నేను సెప్పను. నువ్వే సెప్తావు” అన్నాను.

చెప్పాడు. స్టేషనులో ఈశ్వరి మేడం ముందు నీళ్లు కారుతున్న తుపాకి బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె లేచి వచ్చింది. కంకి అందుకుని తనే ఇంకో తుపాకిలో దించి చూసింది. అది మూతి మీద కూర్చుంది. మళ్లీ ఉరుకుందుదాంట్లో దించింది. బెత్తెడు లేచింది.

“ఎవరు చూశారు ఇది?”

“ఈ అవ్వ, మేడం” అన్నాడు నాగేష్.

ఉరుకుందు చేత తప్పు జరిగిందని రాయించుకుని సంతకం తీసుకుంది. తరవాత ఒక్కొక్కరి పుస్తకం చూసి, తుపాకి నంబరు చూసి, రసీదు రాసి ఇచ్చింది. నా వంతు వచ్చింది. పుస్తకం తెరిచి, అందులోని కాగితం తీసి చదివింది. ముందుకూ వెనక్కూ తిప్పి మళ్లీ చదివింది.

“అమ్మా, లైసెన్సు మీ పేరు మీద ఉందని ఎవరు చెప్పారు?”

“ఆ కాయితమే సెప్తాంది కదమ్మా.”

“ఇది బియ్యం కార్డులో పేరు మార్చిన రసీదు.”

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. ఆయన పోయిననాడే ఆ లైసెన్సూ పోయిందట. నాలుగు నెలలుగా లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంచుకున్నాను. అంతటితో ఆగానా? దాన్ని భుజాన వేసుకుని అంత దూరం పట్టపగలు పోలీసు పక్కనే నడిచి వచ్చాను! మిల్లులో డ్యూటీ వదిలి అప్పుడే వచ్చిన మీ నాన్న తలుపు దగ్గర నిలబడి ఏడుపు మొదలుపెట్టాడు. “నేను సెప్తానే ఉంటి, ఇంట్లో పెట్టెలో దాసిపెడదామని సెప్తానే ఉంటి” అని.

“దాచి ఉంటే ఏమయ్యేదో తెలుసా?” అంది ఈశ్వరి మేడం వాడితో. తరవాత నా వైపు తిరిగింది. “లైసెన్సుదారు చనిపోతే ఇంట్లోవాళ్లు వెంటనే తుపాకి తెచ్చి స్టేషనులో ఇవ్వాలమ్మా. మీరు నాలుగు నెలలు ఆలస్యం చేశారు. అది తప్పే. తప్పు కాదని నేను చెప్పలేను.”

“సెప్పొద్దమ్మా. రాసుకో.”

“రాస్తాను. కానీ తెచ్చి ఇచ్చారని కూడా రాస్తాను. ఎవరూ వెతుక్కుంటూ రాకముందే, అందరూ చూస్తుండగా, ఖాళీదని కనపడేట్టు తెచ్చారని. దారిలో ఇంకొకరి తుపాకి ఆపారని కూడా. పైవాళ్లు ఏమంటారో వాళ్లిష్టం.”

“తుపాకి మళ్లా వస్తాదా?” అని అడిగాను. నాకు కావలసింది అదొక్కటే. జైలు సంగతి మీ నాన్న చూసుకుంటున్నాడు, ఏడుస్తూ.

“ఇప్పుడే రాదు, మీకు కొత్త లైసెన్సు వస్తేనే వస్తుంది. భార్యగా మీకు అడిగే హక్కు ఉంది. డాక్టరు కాగితం, శిక్షణ కాగితం, దరఖాస్తు. చాలా తిరగాలి.”

“నాకు పనేముందమ్మా, తిరుగుతా” అన్నాను.

ఉరుకుందు అప్పుడు జేబులోని అర్జీ తీసి, అక్కడే గోడకు ఆనించి, కింద ఇంకో మాట రాశాడు: లైసెన్సుదారు చనిపోయిన ఇంటికి ఏం చేయాలో వారం లోపల ఎవరైనా వచ్చి చెప్పాలని. పదిమంది సంతకాలు, ఒక వేలిముద్ర.

ఆ తరవాతి నెలలు నన్ను బాగా తిప్పాయి. పైవాళ్లు కేసు పెట్టలేదు, గట్టిగా మందలించి కాగితం పంపారు. శిక్షణకని కర్నూలు పోయాను. నేర్పే ఆయన, “అమ్మా, తుపాకి చేతికి రాగానే మొట్టమొదట ఏం చేయాలి?” అని అడిగాడు. జొన్న కాడ తెప్పించండి అన్నాను. పక్కనున్న మోతుబరులంతా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎందుకో చెప్పించుకుని, “వీళ్లందరికీ నేను గంట సేపు చెప్పింది ఇదే” అన్నాడు.

జూనులో రసీదు మీద రాసిన తేదీకే పది తుపాకులూ ఇళ్లకు వచ్చాయి. నాది రాలేదు. నేను విత్తనం వేశాను. వేసిన రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి ఉరుకుందు తుపాకి తీసుకుని మన గట్టు మీద ప్రత్యక్షం. ఎవరూ రమ్మనలేదు. రావద్దన్నా వినలేదు. ఒకరోజు మజ్జిగ ఇస్తూ, “ఈరోజు కొలిసినావా?” అంటే, “నిద్రలో కూడా కొలుస్తాండానత్తా, గమ్మునుండు” అన్నాడు.

శ్రావణంలో లైసెన్సు వచ్చింది. పుస్తకం మీద నా ఫోటో, నా పేరు. ఈసారి ఈశ్వరి మేడం చేతనే చదివించుకున్నాను, రెండుసార్లు. నాగేష్ లోపలి నుంచి తుపాకి తెచ్చాడు. కంకి ఇంకా గొట్టం మీదే ఉంది. ఖాళీదని తెలిసేట్టు తీయకుండా ఉంచమని మేడం చెప్పిందట. కొన్ని గింజలు ఎలుకలు తిన్నాయి, సగం మిగిలాయి. అట్లాగే భుజాన వేసుకుని నడిచి ఇంటికి వచ్చాను.

కాయ ఊరుతున్న రోజులు. పొద్దు వాలుతుండగా గుట్ట వైపు నుంచి పదీ పన్నెండు పందులు, పిల్లలతో సహా దిగాయి. కంకి తీసి కొంగున కట్టుకున్నాను. మందు పోశాను, దట్టాను, ఆకాశంలోకి ఎత్తాను. మీ తాత చేతిలో ఎన్నోసార్లు విన్న చప్పుడే, అయినా నా చేతిలో అది వేరేగా ఉంది. పందులు తోకలు లేపుకుని గుట్టెక్కాయి. భుజం మూడు రోజులు నొచ్చింది. ఆ ఏడు మన కాయ మన ఇంటికి వచ్చింది.

ఇంకో సంగతి. మా నడక సంగతి విని గోనెగండ్ల వైపు నుంచి సువార్తమ్మ అని ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. భర్త పోయి రెండేళ్లట, భయపడి తుపాకిని అటక మీద గడ్డిలో దాచిందట. “నన్ను పట్టుకపోతారేమో అక్కా” అంది. “పట్టుకపోతే ఇద్దరం పోదాం పా. గడ్డి తీసెయ్యి, కంకి పెట్టు” అన్నాను. సంఘం వాళ్లు ముందుగా స్టేషనుకు చెప్పి, ఉరుకుందు, నేను ఆమెకు చెరో పక్కా నడిచాం. ఇప్పుడు సంఘంలో ఆడవాళ్లం నలుగురం ఉన్నాం. మీటింగులో నన్ను పొదుపు సంఘానికి పొమ్మన్న పెద్దాయన ఇప్పుడు కుర్చీ తుడిచి మరీ వేస్తాడు.

ఎలుకలు మిగిల్చిన ఆ సగం గింజలు నేను పారేయలేదు. ఈ గట్టు వెంట వేశాను. మళ్లీ వాటి గింజలే ఈ ఏడూ వేశాను. నువ్వు పొద్దున్నుంచి కోస్తున్నది ఆ వరసే.

మళ్లీ ఎన్నికలు అంటున్నారు. రేపు తుపాకులు ఇవ్వడానికి నడుస్తున్నాం, ఈసారి పద్నాలుగు మందిమి. నీ చేతిలో ఉన్న కంకి నా తుపాకిది. ఆకు ఒలిచి, గొట్టం పక్కన పెట్టి, సరిగ్గా కొలిచి కోయి. వెంట్రుక ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఇది మరిచిపోకు తల్లీ. నేను ఉన్నా లేకపోయినా, హాస్టల్లోవాళ్లో, రేపు నీకు పుట్టే పిల్లలో, మీ అవ్వకు తుపాకి ఉండేదట కదా అని ఎవరడిగినా చెప్పు. అయితే పేలిన చప్పుడుతో మొదలుపెట్టొద్దు. కంకితో మొదలుపెట్టు. కాడ ఎంత లోతుకు దిగాలో ముందు చెప్పు, ఉరుకుందు సంగతి నవ్వకుండా చెప్పు, మిగతాదంతా నీ ఇష్టం.